చందా కట్టే పాటలు, సొంత పాటలు: ఏవి ఎలా దాచుకోవాలి

2022 ఫిబ్రవరిలో మా అక్క రాజమండ్రి నుంచి ఫోన్ చేసింది. "ఒరేయ్, ఎల్లుండి మనవరాలి బారసాల. నాయనమ్మ పాడిన లాలిపాట నీ దగ్గరుంది కదా, పంపు. ఉయ్యాల్లో వేసేటప్పుడు పెడదాం" అంది. "ఐదు నిమిషాల్లో పంపిస్తానక్కా" అన్నాను. ఆ ఐదు నిమిషాల పని మూడు నెలలు పట్టింది.

మా నాన్నది పాలకొల్లులో టైలరింగ్ షాపు. మిషన్ పక్కన స్టూలు మీద ఎప్పుడూ టేప్‌రికార్డర్ మోగుతూ ఉండేది. అప్పట్లో పాటల లిస్టు తెల్లకాగితం మీద రాసిస్తే రికార్డింగ్ షాపువాళ్లు ఖాళీ క్యాసెట్‌లోకి ఎక్కించి ఇచ్చేవాళ్లు. అలాంటివి నలభై పైన ఉండేవి. పొద్దున్నే ఆకాశవాణి విజయవాడలో భక్తిరంజని వస్తుంటే పట్టుకున్నవి ఓ పది. ఊళ్లో ఆడిన పద్యనాటకాలవి నాలుగు. ఇవి కాక, 1991లో ఒక మధ్యాహ్నం నాయనమ్మని షాపులో కూర్చోబెట్టి పాడించిన క్యాసెట్ ఒకటి.

2014లో అన్నిటినీ కంప్యూటర్‌లోకి ఎక్కించాను. నేను చందా కడుతున్న ఒక మ్యూజిక్ సర్వీసులో సొంత పాటలు అప్‌లోడ్ చేసుకునే వీలుంటే అందులోనూ పెట్టాను. 2019లో ల్యాప్‌టాప్ నిండిపోయింది. అన్నీ క్లౌడ్‌లో ఉన్నాయి కదా అని ఫోల్డర్ డిలీట్ చేసి, రీసైకిల్ బిన్ కూడా ఊడ్చేశాను. 2021 అక్టోబర్‌లో కార్డుల ఆటోడెబిట్ నిబంధనలు మారి చాలామందికి నెలవారీ చెల్లింపులు ఆగిపోయాయి, గుర్తుందా? నాదీ ఆగింది. ఆడిట్ హడావిడిలో మెయిళ్లు చూసుకోలేదు. అక్క అడిగాక మళ్లీ డబ్బు కట్టి లోపలికెళ్తే సినిమా పాటలన్నీ ఎక్కడివక్కడే ఉన్నాయి. నేను ఎక్కించినవే లేవు. చందా ఆగిన కొన్నాళ్లకు తీసేస్తామని వాళ్ల షరతుల్లో రాసే ఉంది, నేను చదవలేదు.

బారసాలకి అక్క తనే పాడింది. ఆ తర్వాత నేను నేర్చుకున్నది ఇది. నేను కంప్యూటర్ మనిషిని కాదు, అకౌంట్స్ మనిషిని. అకౌంట్స్‌లో చేసినట్టే, ముందు ఏది ఆస్తి, ఏది అద్దె అని విడదీశాను.

ముందు కుప్పలు పెట్టుకోండి

ఫోన్‌లో "మై లైబ్రరీ" అని కనిపించేదంతా మీది కాదు. కాగితం తీసుకుని నాలుగు కుప్పలుగా రాసుకోండి. ఒకటి, ప్రపంచంలో ఇంకెక్కడా దొరకనివి: ఇంట్లో వాళ్ల గొంతులు, పెళ్లిలో సన్నాయి, ఊళ్లో హరికథ. రెండు, డబ్బిచ్చి కొన్న సీడీలు, కొన్న డౌన్‌లోడ్లు. మూడు, ఏళ్లుగా పేరుకుపోయిన పాత ఎంపీ3లు. ఎక్కడివో మనకీ గుర్తుండదు. నాలుగు, చందా కడితేనే వినపడేవి.

నాలుగో కుప్పకి బ్యాకప్ ఉండదు. "డౌన్‌లోడ్" నొక్కాం కదా అనుకుంటాం కానీ అక్కడ దిగేది తాళం వేసిన ఫైల్. స్పాటిఫైలో ఒక్కో ఫోన్‌లో 10,000 పాటల వరకు దింపుకోవచ్చు, 5 పరికరాల్లో పెట్టుకోవచ్చు, కానీ 30 రోజులకోసారైనా నెట్‌కి కలపకపోతే అవి మోగవు. ఆపిల్ మ్యూజిక్ నుంచి దిగేది ఎం4పీ అనే ఫైల్. చందా ఆగిన రోజు అది డిస్క్ మీద ఉన్నా పనికిరాదు. ఆ తాళాలు విప్పుతామనే సాఫ్ట్‌వేర్లు ఉన్నాయి, కాపీరైట్ చట్టంలో వాటి సంగతి చూసే 65ఏ సెక్షన్ కూడా 2012 నుంచి ఉంది. నేను వాటి జోలికి పోను.

ఈ కుప్పలో దాచుకోవాల్సింది లిస్టు. ఏ పాటలు, ఏ వరుసలో, ఏ ప్లేలిస్టులో అన్నది. మన సర్వీసులు ఎన్నాళ్లుంటాయో చెప్పలేం. గూగుల్ ప్లే మ్యూజిక్ 2020లో మూతపడింది, అందులో మిగిలిన డేటాను 2021 ఫిబ్రవరి 24 తర్వాత చెరిపేశారు. రెస్సో 2024 జనవరితో ఇండియాలో ఆగిపోయింది. అదే ఏడాది వింక్ కూడా వెళ్లిపోయింది. స్పాటిఫైలో అయితే అకౌంట్ ప్రైవసీ పేజీలోకెళ్లి మీ డేటా అడగండి. కొన్ని రోజుల్లో ఫైల్ వస్తుంది, అందులో ప్లేలిస్టులుంటాయి. ఆ ఓపిక లేకపోతే ఎక్స్‌పోర్టిఫై అనే సైట్ ఉంది, ఒక్కో ప్లేలిస్టుని ఎక్సెల్‌లో తెరుచుకునే ఫైల్‌గా ఇస్తుంది. ఏడాదికి రెండుసార్లు నేనా పని చేస్తాను. ప్లేలిస్టులో పాటలు బూడిదరంగులోకి మారి మోగడం మానేసినప్పుడు, ఏ పాట పోయిందో చెప్పేది ఆ లిస్టే.

అందులో మరీ ప్రాణం అనుకున్న పాటలుంటే కొనేయండి. ఐట్యూన్స్ స్టోర్ 2012 డిసెంబర్ నుంచి ఇండియాలో ఉంది. అక్కడ కొన్న పాటకి తాళం ఉండదు, చందాతో సంబంధం లేదు. నేను ఇరవై ఆరు పాటలు కొన్నాను. మా ఆవిడ "నెలనెలా కడుతూ మళ్లీ కొనడమేంటి" అంది. అద్దె ఇంట్లో ఉంటూ స్థలం కొనుక్కోమా?

క్లౌడ్‌లో ఉన్నది కిందికి దించండి

మీరు ఎప్పుడో అప్‌లోడ్ చేసినవి ఇంకా ఉంటే ఇవాళే దించండి. చందా ఆపాలనుకుంటున్నా, సర్వీసు మారాలనుకుంటున్నా ఆపకముందే ఈ పని చేయాలి.

యూట్యూబ్ మ్యూజిక్‌లో సొంత పాటలు లక్ష వరకు ఎక్కించుకోవచ్చు. వాటిని వెనక్కి తెచ్చుకోవాలంటే, గూగుల్ దగ్గరున్న మన డేటాని మూటకట్టి ఇచ్చే గూగుల్ టేకౌట్ పేజీకి వెళ్లాలి. అన్ని టిక్కులూ తీసేసి "యూట్యూబ్ అండ్ యూట్యూబ్ మ్యూజిక్" ఒక్కటే ఉంచండి. అందులో మళ్లీ లోపలికెళ్లి మ్యూజిక్ అప్‌లోడ్స్, ప్లేలిస్టులు మాత్రం పెట్టుకోండి. లేదంటే మీ వీడియోలు కూడా మోసుకొస్తుంది. జిప్ సైజు మామూలుగా 2 జీబీ చొప్పున ముక్కలవుతుంది. నెట్ బాగుంటే 50 జీబీ ఎంచుకుంటే ఒకే ఫైల్ వస్తుంది. లింకు మెయిల్‌కి వచ్చాక వారం లోపు దించేసుకోవాలి.

ఆపిల్ వాడేవాళ్లకి ఇంకో చిక్కుంది. మీ పాటలన్నీ అన్ని పరికరాల్లో కనపడేలా చేసే సింక్ లైబ్రరీ ఆన్ చేస్తే మీ పాటను వాళ్ల దగ్గరున్న పాటతో పోల్చి చూస్తుంది. దొరికితే మీ ఫైల్‌ని పైకి తీసుకోదు, రేపు ఇంకో కంప్యూటర్‌లో దించితే వాళ్ల 256 కేబీపీఎస్ ఫైల్ ఇస్తుంది (కేబీపీఎస్ అంటే సెకను పాటకి ఎంత డేటా అన్న లెక్క). దొరక్కపోతే మీది ఎక్కిస్తుంది. 200 ఎంబీ దాటినవీ, రెండు గంటలు దాటినవీ ఎక్కవు. కాబట్టి తెల్లవార్లూ సాగిన నాటకాన్ని ఒకే ఫైల్‌గా పెట్టుకున్నవాళ్లకి అది అక్కడ ఉండదు. నాణ్యత ఏమీ తగ్గని లాస్‌లెస్ ఫైల్ పెట్టినా పైకి వెళ్లేటప్పుడు 256కి కుదించి పంపుతుంది. ఇది బ్యాకప్ సర్వీసు కాదని ఆపిల్ వాళ్లే తమ సహాయం పేజీలో రాసుకున్నారు.

మ్యాక్‌లో మ్యూజిక్ యాప్ తెరిచి, పాటల జాబితాలో "క్లౌడ్ స్టేటస్", "కైండ్" అనే రెండు నిలువు వరుసలు కనపడేలా పెట్టుకోండి. ఒక్కో పాట కొన్నదా, మ్యాచ్ అయినదా, అప్‌లోడ్ చేసినదా, చందా పాటా అన్నది అక్కడే రాసి ఉంటుంది. మ్యాచ్, అప్‌లోడ్, కొన్నవి: ఈ మూడూ దించుకుంటే తాళం లేకుండా వస్తాయి.

దించాక వినండి. ఇది విసుగు పనే, కానీ తప్పదు. పాత తెలుగు పాటలతో వచ్చే తిప్పలు వేరు. పేరు అదే, సినిమా అదే, తెరిస్తే ఇంకెవరో పాడిన కవర్ అయ్యుంటుంది, లేకపోతే కింద కొత్త డోలక్ దరువులు చేర్చిన రకం వస్తుంది. సీడీలో విన్న పాటే క్లౌడ్‌లో ఉందని నమ్మకండి.

క్యాసెట్లు

నాకు తెలిసింది ఎక్కువగా ఇక్కడే, కాబట్టి కాస్త ఆగుతాను.

పాలకొల్లులో మా ఇంటి అటక మీద ట్రంకుపెట్టెలో క్యాసెట్లు అలాగే ఉన్నాయి. డెల్టా ఊళ్ల తేమకి సగం రీళ్ల మీద తెల్లగా బూజు పట్టింది. అలాంటి క్యాసెట్‌ని నేరుగా డెక్‌లో, అంటే క్యాసెట్ వాయించే మిషన్‌లో పెడితే బూజు రీలుని చదివే హెడ్డుకి అంటుకుని, అక్కణ్నుంచి మిగతా క్యాసెట్లకీ పాకుతుంది. బూజు పట్టినవి వేరే సంచిలో పెట్టి, ఆఖర్న చేయండి. మూతికి మాస్క్ కట్టుకోండి. ప్రతి క్యాసెట్ తర్వాత హెడ్డునీ, రబ్బరు రోలర్‌నీ దూదిపుల్లతో తుడవండి. హెడ్డుకి ఐసోప్రొపైల్ ఆల్కహాల్ వాడాలి, ఎలక్ట్రానిక్స్ షాపుల్లో దొరుకుతుంది.

డెక్ కోసం కోఠి గుజరాతీ గల్లీలో రెండు శనివారాలు తిరిగాను. ఆన్‌లైన్‌లో దొరికే యూఎస్‌బీ వాక్‌మన్ లాంటివి కొనకండి. ఒకటి కొని చూశాను, నాయనమ్మ గొంతు నీళ్లలోంచి వచ్చినట్టు ఊగింది. పాత డబుల్ డెక్ ఒకటి బెల్టులు మార్పించుకుంటే చాలు. దాని వెనక ఎర్ర, తెల్ల పిన్నులుంటాయి. అవి లైన్ అవుట్. అక్కణ్నుంచి కేబుల్‌ని చిన్న యూఎస్‌బీ సౌండ్ కార్డు లైన్ ఇన్‌కి పెట్టాలి. ల్యాప్‌టాప్ మైక్ కన్నంలో పెడితే ధ్వని పగిలిపోతుంది.

క్యాసెట్ పెట్టేముందు వీపున ఉన్న రెండు ప్లాస్టిక్ పలకల్ని విరగ్గొట్టండి, పొరపాటున రికార్డ్ నొక్కినా ఏం కాదు. ఏళ్ల తరబడి కదలని రీలు అతుక్కుని ఉంటుంది, అందుకని ఒకసారి చివరిదాకా ముందుకు, మళ్లీ వెనక్కి తిప్పాలి. నేను మొదటి నాలుగు చుట్లు పెన్సిల్‌తోనే తిప్పుతాను. రీలు బిగుసుకుందో లేదో చేతికి తెలిసినట్టు మోటారుకి తెలియదు.

నాయనమ్మ క్యాసెట్‌లో హెడ్డుకి రీలుని ఒత్తిపట్టే చిన్న మెత్త ఊడిపోయింది. అది లేకపోతే శబ్దం లోపల్నుంచి గొణిగినట్టు ఉంటుంది. ఐదు స్క్రూలు విప్పి, రీళ్లు రెండూ తీసి, ఒక పనికిరాని క్యాసెట్ డొల్లలోకి మార్చాను. చేతులు వణికాయి. స్క్రూలు లేకుండా అతికించేసిన క్యాసెట్లు కూడా ఉంటాయి. వాటిని మాత్రం బ్లేడుతో కోయడం చేతనైనవాళ్లకివ్వండి.

కంప్యూటర్‌లో రికార్డ్ చేయడానికి ఆడాసిటీ అనే సాఫ్ట్‌వేర్ చాలు, ఉచితం. 44.1 కిలోహెర్ట్జ్, 16 బిట్ పెట్టండి. శబ్దం ఎంత పెద్దదైనా మీటరు మైనస్ 6 దాటకుండా చూసుకోండి. ఒక పక్క మొత్తం ఆపకుండా రికార్డ్ చేసి, ఏ మార్పూ చేయకుండా ఫ్లాక్‌లో సేవ్ చేయండి. ఫ్లాక్ అంటే శబ్దంలో ఏమీ తీసేయకుండా కుదించే పద్ధతి. 90 నిమిషాల క్యాసెట్‌కి ఓ అర జీబీ పడుతుంది. ముక్కలు చేయడం, గరగర తగ్గించడం అన్నీ దాని కాపీ మీదే. గరగర తగ్గించే మీట అతిగా తిప్పితే పాడేవాళ్ల ఊపిరి కూడా పోతుంది. మా క్యాసెట్‌లో నాయనమ్మ వెనకాల నాన్న కుట్టుమిషన్ చప్పుడు వినపడుతుంది. 2014లో నేను దాన్ని శుభ్రం చేయాలని కూర్చున్నాను. ఇప్పుడు అలాగే ఉంచాను.

నాయనమ్మ క్యాసెట్‌లో ఏ పక్క బాగా వచ్చిందీ, లాలిపాట ఉన్నది ఏ పక్కో మీకు అర్థమయ్యే ఉంటుంది. రెండో పక్క రీలు నలిగి, ఆ పాట దగ్గరే నాలుగు చోట్ల ముడతపడింది. చివరికి అది దొరికింది మా పాత కారు పెన్‌డ్రైవ్‌లో. ఎప్పుడో కారులో వినడానికి 128 కేబీపీఎస్ ఎంపీ3గా చేసి పడేశాను. ఇప్పుడు మాకు అదే ఒరిజినల్. కాబట్టి పాత ఫోన్లు, మెమరీ కార్డులు, కారు పెన్‌డ్రైవ్‌లు పారేసేముందు ఒక్కసారి తెరిచి చూడండి.

సీడీలు

ఇది తేలిక. యూఎస్‌బీ డీవీడీ డ్రైవ్, సీడీలోంచి పాటలు తీసే సాఫ్ట్‌వేర్ ఒకటి చాలు: విండోస్‌లో ఎగ్జాక్ట్ ఆడియో కాపీ, మ్యాక్‌లో ఎక్స్‌ఎల్‌డీ. ఫ్లాక్‌లోకి తీయండి. ఒకసారి తీస్తే మళ్లీ ఆ సీడీ ముట్టుకోనక్కర్లేదు. ఇంట్లో రాసుకున్న సీడీలుంటే వాటి పని ముందు చేయండి, కంపెనీ సీడీల కంటే అవి తొందరగా పాడవుతాయి. ఎంపీ3లు ఉన్న సీడీ అయితే ఉన్నదున్నట్టు కాపీ చేయండి. ఎంపీ3ని ఫ్లాక్ చేస్తే సైజు పెరుగుతుంది తప్ప పోయిన నాణ్యత తిరిగి రాదు.

పేర్లు

మీ పాటలకు పేర్లు మీరే పెట్టుకోవాలి. పాటల వివరాలు వెతికిపెట్టే మ్యూజిక్‌బ్రెయింజ్ పికార్డ్ అనే సాఫ్ట్‌వేర్ ఇంగ్లీష్ ఆల్బమ్‌లను చిటికెలో గుర్తుపడుతుంది కానీ మన రికార్డింగ్ షాపు క్యాసెట్‌ని అదెలా గుర్తుపడుతుంది? నేను ట్యాగులు, అంటే ఫైల్ లోపలే ఉండే పాట వివరాలు, చేత్తో రాసుకోవడానికి ఎంపీ3ట్యాగ్ వాడతాను. ఫైల్ పేరు ఇంగ్లీష్ అక్షరాల్లో, లోపలి ట్యాగులు తెలుగులో. పాత కారు స్టీరియోల్లో తెలుగు పేర్లు డబ్బాలుగా కనిపిస్తాయి, ఫైల్ పేరన్నా చదవగలుగుతాం. ఎంపీ3లకి ట్యాగుల రకం ఐడీ3 వెర్షన్ 2.3 ఎంచుకుని అందులో అక్షరాల పద్ధతి యూటీఎఫ్-16 పెడితే చాలా ప్లేయర్లలో తెలుగు సరిగ్గా వస్తుంది. ఇంగ్లీష్‌లో ఒక గాయకుడి పేరుని ఒకే స్పెల్లింగ్‌తో రాయండి. నా దగ్గర ఘంటసాల ఐదు రకాలుగా ఉండేవారు.

ఇంటి రికార్డింగులకి వ్యాఖ్య గడిలో ఎవరు పాడారు, ఎక్కడ, ఏ ఏడాది, ఎవరు చెప్పారు అని రాయండి. నాన్న చేతిరాతతో ఉన్న క్యాసెట్ అట్టల్ని ఫోటో తీసి అదే ఫోల్డర్‌లో పెట్టాను.

ఎన్ని కాపీలు, ఎక్కడ

నావి మొత్తం 61 జీబీ. మూడు కాపీలు, రెండు రకాల చోట్లు, అందులో ఒకటి ఇంటి బయట. ఇది పాత సూత్రమే. ల్యాప్‌టాప్‌లో ఒకటి. 1 టీబీ పోర్టబుల్ హార్డ్ డిస్క్‌లు రెండు. పెన్‌డ్రైవ్‌ని నమ్మకండి, నాకు పాట దొరికింది అదృష్టం. ఏళ్ల తరబడి కరెంటు తగలకుండా పడేస్తే అందులో రాసింది చెదిరిపోవచ్చు.

మొదటి కుప్ప, అంటే ఇంకెక్కడా దొరకనివి, ముక్కలు చేసి శుభ్రం చేశాక 9 జీబీ. అది మాత్రం గూగుల్ డ్రైవ్‌లో కూడా పెట్టాను. మ్యూజిక్ యాప్‌లో అప్‌లోడ్ చేయడానికీ దీనికీ తేడా ఏంటంటే, డ్రైవ్ మీ ఫైల్‌ని పోల్చదు, మార్చదు, ఇచ్చింది ఇచ్చినట్టు వెనక్కిస్తుంది. ఉచితంగా వచ్చే 15 జీబీ మెయిల్‌కీ ఫోటోలకీ కలిపి. అందుకని పాటలకి వేరే అకౌంట్ తెరిచాను. రెండేళ్లు ఎవరూ తొంగిచూడని అకౌంట్‌ని గూగుల్ తీసేయవచ్చు కాబట్టి నెలకోసారి లాగిన్ అవుతాను, పాలబిల్లు కట్టే రోజున.

డిస్క్‌లోకి కాపీకి ఫ్రీఫైల్‌సింక్ అనే సాఫ్ట్‌వేర్ వాడతాను. అందులో "మిర్రర్", "అప్‌డేట్" అని ఉంటాయి. మిర్రర్ పెడితే ల్యాప్‌టాప్‌లో మీరు పొరపాటున చెరిపింది డిస్క్‌లోనూ చెరిగిపోతుంది. నేను 2019లో చేసిన తప్పుని అది నా తరఫున ప్రతి డిస్క్‌లో చేసిపెడుతుందన్నమాట. అప్‌డేట్ పెట్టండి, కొత్తవీ మార్చినవీ మాత్రమే వెళ్తాయి, అక్కడున్నవి చెరగవు. కాపీ అయ్యాక పోల్చే పద్ధతిని "ఫైల్ కంటెంట్"కి మార్చి ఒకసారి నడపండి. రాత్రి పెట్టి పడుకుంటే పొద్దున్నకి అయిపోతుంది. ఫ్లాక్ ఫైళ్లలో లోపలే ఒక సరిచూపు సంఖ్య దాగి ఉంటుంది. ఫూబార్2000 అనే ప్లేయర్ దాన్ని చూసి ఏ ఫైల్ చెడిందో చెబుతుంది. ఉగాదికి ఒకసారి ఆ పని.

ఇవన్నీ ఉన్నా చందా మానలేదు. పిల్లలు అడిగే కొత్త పాటలకి అదే దారి. సొంతవి కూడా ఫోన్‌లో మోగాలంటే యూట్యూబ్ మ్యూజిక్‌కి ఎక్కించుకోవచ్చు. స్పాటిఫైలో లోకల్ ఫైల్స్ ఆన్ చేసుకోవచ్చు, అది ఫైల్‌ని తన సర్వర్‌లోకి తీసుకోదు, ఫోన్‌లో ఉన్నదాన్నే వాయిస్తుంది. అమ్మకి మాత్రం ఫోన్‌లో వీఎల్‌సీ ప్లేయర్ పెట్టి ఒకే ఫోల్డర్ ఇచ్చాను, గందరగోళం లేదు.

రెండో డిస్క్ అక్క ఇంట్లో ఉంటుంది. సంక్రాంతికి వెళ్లినప్పుడు నా దగ్గరున్న తాజా డిస్క్ అక్కడ పెట్టి, పాతది తెచ్చుకుని కొత్తవి ఎక్కిస్తాను. మళ్లీ వేసవి సెలవుల్లో అలాగే. బీరువాలో చీరల మధ్య, సిలికా జెల్ పొట్లంతో స్టీలు డబ్బాలో ఉంటుంది. మొదటి ఏడాది బావ ఖాళీ ఉంది కదా అని దాన్ని టీవీకి పెట్టి సినిమాలు ఎక్కించుకున్నాడు. ఇప్పుడు డిస్క్ మీద తెల్ల ప్లాస్టర్ అంటించి మార్కర్‌తో రాశాను: "బావా, ఇందులో నాయనమ్మ ఉంది. ముట్టుకోకు."